కస్టమరు చెవులు చూపించుకోవలెను

నేను డాక్టర్ని కాను. అయినా ఒకసారి ఒక పెద్దమనిషి చెవులు పాడయ్యాయేమోనన్న అనుమానాన్ని కాగితం మీద రాసి, షాపు ముద్ర కొట్టి, ఆయన చేతికే ఇచ్చాను. ఇండియాలోనూ అమెరికాలోనూ కలిపి ముప్పై ఏళ్లు పైబడిన ఉద్యోగంలో చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. చాలావాటిని మర్చిపోయాను. దీన్ని మాత్రం మర్చిపోలేను. మర్చిపోదామన్నా ఆ ఊళ్లో ఆరుగురు నన్ను మర్చిపోనివ్వలేదు.

ఈమధ్య మనవాళ్ల పిల్లలు గరాజ్‌లో కూర్చుని గిటార్ పెడల్స్ సొంతంగా చేసుకుంటున్నారు. "టోన్ పోతోంది అంకుల్, ఏం చెయ్యమంటారు?" అని నాకు ఫోన్ చేస్తుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. పెడల్ అంటే తెలియనివాళ్లకి ఒక్క మాట. గిటార్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్యలో, కాలి దగ్గర పెట్టుకునే చిన్న పెట్టె అది. కాలితో నొక్కితే గిటార్ గొంతు మారిపోతుంది. బొంగురుపోతుంది, లేదా ఏడుస్తుంది. మళ్లీ నొక్కితే అసలు గొంతు వెనక్కి రావాలి. వచ్చిన గొంతు ముసుగేసినట్టు ఉంటే దాన్నే టోన్ పోవడం అంటారు.

గుంటూరు జిల్లాలో ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో నేను ఇరవయ్యేళ్లు పనిచేశాను. వేలకొద్దీ స్విచ్చులు పొద్దస్తమానం టకటకలాడే గది అది. పక్కవాడితో మాట్లాడాలంటే అరవాలి. టెలిఫోన్‌లో మనిషి గొంతు సెకనుకి మూడు వేల నాలుగు వందల కంపనాల దాకా వెళ్తే చాలు, మాటలు అర్థమైపోతాయి. ఆ పైనున్న శబ్దంతో మాకు పనిలేదు. ఇరవయ్యేళ్లు అలా బతికాక, ఆ పైన అసలు శబ్దం ఉంటుందన్న సంగతే నా బుర్రలోంచి తొలగిపోయింది.

నా భార్య సాఫ్ట్‌వేర్‌లో ఉంది. కాంట్రాక్టు మీద అమెరికాలో బెంటన్‌విల్ అనే ఊరికి వచ్చింది, వెనకాలే నేనూ వచ్చాను. మొదటి మూడేళ్లు వంట చేశాను, కారు నడపడం నేర్చుకున్నాను. నేనూ అక్కడ ఉద్యోగం చేసుకోవచ్చని సర్కారు కాగితం చేతికొచ్చిన నెలలోనే, ఊరి చివర సంగీత వాయిద్యాల కొట్టులో రిపేరు బెంచి దగ్గర మనిషి కావాలని బోర్డు చూసి లోపలికెళ్లాను. నాకు గిటార్ పట్టుకోవడం కూడా రాదు. సోల్డరింగ్, అంటే సీసం కరిగించి తీగలు అతకడం, వచ్చు. అదే చాలన్నారు.

పండగలకి తెలుగువాళ్లు కలిసినప్పుడు "మీరెక్కడండీ, ఏ టీమ్?" అని అడిగేవారు. గిటార్ల కొట్టులో అంటే ఒకాయన చాలాసేపు ఆలోచించి, "అది ఏ మాడ్యూల్ కింద వస్తుందండీ?" అన్నాడు.

కొట్టు మేనేజరు మన తెలుగమ్మాయే. అక్కడే పుట్టి పెరిగింది. ముప్పై లోపు వయసు, మోచేతి దాకా పచ్చబొట్టు, గిటార్ పట్టుకుంటే కొట్టంతా పని ఆపి వినేది. నాకు బాసు, నన్ను పిలిచేది అంకుల్ అని. నా జీతం కాగితం మీద సంతకం పెడుతూ "అంకుల్, లంచ్ తిన్నారా?" అనేది. నేను అమ్మా అనేవాణ్ని.

ఉద్యోగంలో సగం కష్టం కస్టమర్ల భాష. ఎక్స్ఛేంజ్‌లో ఫిర్యాదు అంటే 'లైన్ డెడ్' అనో, 'గరగర' అనో ఉండేది. ఇక్కడివాళ్లు "దీని మీద దుప్పటి కప్పినట్టుంది" అంటారు, "మునుపు బ్రౌన్‌గా ఉండేది, ఇప్పుడు బీజ్ అయింది" అంటారు. ఒకాయనైతే తన పెడల్ కిందటి నెల దాకా మొక్కజొన్న రొట్టెలా మోగేదనీ, ఇప్పుడు తడిసిన మొక్కజొన్న రొట్టెలా మోగుతోందనీ చెప్పాడు. రిజిస్టర్లో 'రొట్టె, తడిసినది' అని రాసుకున్నాను.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన వచ్చారు. డెబ్బైకి దగ్గర పడిన పొడుగాటి మనిషి. స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యారు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, "సార్" అంటూ మాట్లాడేవారు. చేతిలో క్రిస్మస్ బిస్కెట్ల టిన్ను, మూత మీద మంచులో గుర్రబ్బండి బొమ్మ. ఆ టిన్నే పెడల్. సొంతంగా చేసుకున్నారు. బూటుకాలితో తొక్కీ తొక్కీ స్విచ్చు విరిగింది.

విప్పి చూశాను. తొమ్మిది కాళ్ల స్విచ్చు. అలాంటిది ఆ రోజు కొట్టులో లేదు. నా సొరుగులో మూడు కాళ్లది ఉంది. పెడల్ ఆఫ్ చేయాలంటే బయటికెళ్లే తీగ ఒక్కటి మారిస్తే సరిపోతుంది, లోపలికి వచ్చే తీగని కూడా విడదీయడం దండగ అనిపించింది. తొమ్మిది కాళ్ల పని మూడు కాళ్లతో చేసేశాను. పావుగంట పట్టింది.

"ఇంత సింపులా సార్!" అన్నారాయన.

"అనవసరమైనవన్నీ తీసేశాను" అన్నాను, కొంచెం గర్వంగానే.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చారు. టోపీ చేతిలోనే ఉంది.

"స్విచ్చు బ్రహ్మాండంగా ఉంది సార్. టోన్ పోయింది."

టిన్నుని బెంచి మీద పెట్టి, సిగ్నల్ జనరేటర్ తగిలించాను. గిటార్ బదులు అది ఒకే శబ్దాన్ని నిలకడగా పంపే మిషన్. లోపలికి ఎంత వెళ్తోందో బయటికీ అంతే వస్తోంది. శబ్దాన్ని గీతగా చూపించే స్కోపు తెరమీద గీత నున్నగా ఉంది. 'ఫాల్ట్ లేదు' అని చీటీ రాసి కట్టాను. ఆయన థాంక్యూ చెప్పి తీసుకెళ్లారు. పది రోజులకి మళ్లీ వచ్చారు. మళ్లీ ఫాల్ట్ లేదు. అలా నాలుగుసార్లు.

నాలుగోసారి మేనేజరమ్మాయి టిన్నుకి గిటార్ తగిలించి వాయించింది.

"అంకుల్, ఇది డల్‌గా ఉంది. ఆఫ్ చేసినా డల్‌గానే ఉంది. మీకు వినిపించట్లేదు?"

"మిషన్ చూడమ్మా, గీత ఎంత నున్నగా ఉందో."

"నేను గీత వినట్లేదు అంకుల్. గిటార్ వింటున్నా."

చిన్నపిల్ల, ఆవేశపడుతోంది అనుకున్నాను.

ఆ తర్వాత అసలు తమాషా మొదలైంది. డ్రైవరుగారికి ఒక క్లబ్బు ఉంది. ఆయనతో కలిపి ఆరుగురు, అందరూ అరవై దాటినవాళ్లే. శనివారాల్లో ఫైర్ స్టేషన్ వెనక హాల్లో కూర్చుని ఇంట్లో దొరికిన డబ్బాలతో పెడల్స్ చేసుకుంటారు. ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఒకాయనది బ్రెడ్డు కాల్చే టోస్టర్. ఇంకొకాయనది మనవరాలి లంచ్ బాక్సు. ఒకాయన ఏకంగా ఇంటి ముందు పాతే పోస్టు డబ్బానే పెడల్‌గా చేశాడు. దాని పక్కనున్న ఎర్ర జెండా లేపితే ఎఫెక్ట్ ఆన్, దించితే ఆఫ్. పాటకూ పాటకూ మధ్య వంగి జెండా లేపాలి కాబట్టి ఆయన స్టూలు మీద కూర్చునే వాయించేవాడట.

అందరిదీ ఒకటే మాట, టోన్ పోయింది. మూతలు విప్పకుండానే మిషన్ తగిలించి, అందరి చీటీ మీదా నేను రాసింది ఒకటే మాట, ఫాల్ట్ లేదు.

అప్పుడు కూర్చుని ఇంజినీరులా ఆలోచించాను. ఆరు పెడల్స్, ఆరు రకాలు. డబ్బాలు వేరు, సర్క్యూట్లు వేరు, గిటార్లు వేరు. అయినా ఫిర్యాదు ఒకటే అంటే వీటన్నిటికీ ఉమ్మడిగా ఏదో ఉండాలి. ఏమిటది? తల ఎత్తి చూస్తే కౌంటర్ అవతల డ్రైవరుగారి తెల్ల జుట్టు కనిపించింది. దొరికింది అనుకున్నాను. వయసు.

మేనేజరమ్మాయి ఆ వారం ఊళ్లో లేదు. డ్రైవరుగారి చీటీ మీద రిమార్కుల గడిలో, ఎక్స్ఛేంజ్‌లో అలవాటైన పద్ధతిలో, ఇంగ్లీషులో రాశాను: 'పెడల్ బాగుంది. కస్టమరు చెవులు చూపించుకోవలెను.' కింద సంతకం, పక్కన షాపు ముద్ర.

ఆయన అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "థాంక్యూ సార్" అని, టోపీ పెట్టుకుని వెళ్లిపోయారు. కోపం కనిపించలేదు. సమస్య తీరిందనుకున్నాను.

అమ్మాయి వచ్చి చీటీల కాపీలు తిరగేస్తూ ఒక దగ్గర ఆగిపోయింది.

"అంకుల్, ఇది మీరు రాశారా?"

"రాశాను."

"కస్టమర్‌కి ఇచ్చారా?"

"ముద్ర కూడా వేసి ఇచ్చాను."

ఆ పిల్ల కుర్చీలో కూలబడింది. "అంకుల్! ఆయన నా స్కూల్ బస్ డ్రైవర్. కిండర్‌గార్టెన్ నుంచి. ఆయనకి చెవుడా? మేం లాస్ట్ సీట్‌లో గమ్ నమిలితే ఫ్రంట్‌లో వినేవారు!"

నేను చీటీ కాపీని బోర్లా తిప్పి పెట్టాను.

"వాళ్లు ఆరుగురు ఊళ్లో ఉన్న ప్రతి చర్చి బ్యాండ్‌కి చెప్తారు. ఓనర్ వింటే రిపేర్ బెంచ్ క్లోజ్ చేస్తారు అంకుల్. నేను ఆపలేను. సారీ చెప్పండి, ప్లీజ్."

చెబుతానన్నాను. కానీ లోపల నాకు సారీ లేదు. మిషన్ నా వైపే ఉంది.

రెండు వారాలు ఆయన రాలేదు. మూడో వారం ఒక పగటిపూట కొట్టు ముందు పొట్టి పసుపు రంగు స్కూల్ బస్సు వచ్చి ఆగింది. రిటైరయ్యాక కారు నడపడం అలవాటు కాక, పాత బస్సొకటి కొనుక్కున్నారట. తలుపు మడతపడి తెరుచుకుంది. ఆయన దిగారు. వెనకాలే ఐదుగురు, వరసగా, ఎవరి డబ్బా వాళ్లు చంకలో పెట్టుకుని దిగారు. పోస్టు డబ్బా జెండా దించి ఉంది.

డ్రైవరుగారు కౌంటరు మీద ఒక కాగితం పరిచారు. చెవుల పరీక్ష గ్రాఫు.

"మీరు చెప్పినట్టే చూపించుకున్నాను సార్. మా అన్నయ్య కూతురు చెవుల స్పెషలిస్టు. ఇలాంటి చెవులు కాలేజీ పిల్లల్లో కూడా తక్కువగా చూస్తానంది. ముప్పై ఏళ్లు చెవుల్లో దూది పెట్టుకుని బస్సు నడిపాను, అందుకేనట."

గ్రాఫు మీద గీత బల్ల మీద పెట్టిన స్కేలులా తిన్నగా ఉంది. నాకు గీతల మీద ఎంత నమ్మకమో మీకు ముందే చెప్పాను.

"మా అన్నయ్య కూతురే ఇంకో మాట అంది సార్" అన్నారాయన, ఎంతో మర్యాదగా. "ఆ చీటీ రాసినాయన ఎప్పుడైనా చూపించుకున్నారా అని అడిగింది. ఇవాళ మూడింటికి ఖాళీ ఉందట. బస్సు బయటే ఉంది."

మేనేజరు వైపు చూశాను, పని ఉందని చెప్పి కాపాడుతుందేమోనని. "వెళ్లండి అంకుల్. బెంచ్ నేను చూసుకుంటా" అంది.

ఏడుగురం బయల్దేరాం. స్కూల్ బస్సు సీట్లు పిల్లల కోసం చేసినవి. మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా, పెద్దమనుషులందరం డబ్బాలు ఒళ్లో పెట్టుకుని ఊరి మధ్యలోంచి వెళ్లాం. ఎవరో ఉడకబెట్టిన వేరుశనగలు అందించారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

పరీక్ష గది అంటే ఒక గాజు కిటికీ ఉన్న చిన్న అర. నన్ను లోపల కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించి, చేతికి బటన్ ఇచ్చారు. శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కాలి. కిటికీ అవతల డాక్టరమ్మ పక్కన ఆరుగురూ నిలబడ్డారు. చూడనివ్వమంటారా అని ఆవిడ ముందే అడిగింది. ఏ మొహం పెట్టుకుని వద్దంటాను? నాకు వినిపించే శబ్దం అవతల చిన్న స్పీకర్లో వాళ్లకీ వినిపిస్తుందట.

మొదట బాగానే సాగింది. కూత వినిపించింది, నొక్కాను. సన్నగా వినిపించింది, నొక్కాను. అవతల తలలు ఊగాయి. పోస్టు డబ్బా ఆయన నాకు బొటనవేలు చూపించాడు.

తర్వాత నిశ్శబ్దం. డాక్టరమ్మ విరామం ఇచ్చిందనుకున్నాను. అంతలో డ్రైవరుగారు ఒక వేలు పైకెత్తడం కనిపించింది. మిగతా ఐదుగురూ ఆ వేలు చూసి నా వైపు చూశారు. నాకేమీ వినిపించలేదు. వేలు దిగింది. ఇంకాసేపటికి మళ్లీ లేచింది. ఐదు మొహాలూ ఆశగా నా వైపు తిరిగాయి, నేను బటన్ నొక్కకపోయేసరికి మెల్లగా కిందికి వాలాయి. అలా ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టలేదు. ఆ వేలు చూసి నొక్కేద్దామని ఒకసారి బుద్ధి పుట్టింది. బొటనవేలు బటన్ దాకా వెళ్లింది కూడా. డ్రైవరుగారు నా చెయ్యి గమనించి, గబుక్కున వేలు జేబులో పెట్టేసుకున్నారు. దొంగతనం చేయబోతే తప్పించిన మనిషిలా కనిపించారు నాకు.

నా గ్రాఫు మూడు వేల కంపనాల దాకా తిన్నగా వచ్చి, అక్కణ్నించి మెట్లు దిగి పాతాళానికి పోయింది.

"ఎక్కడ పనిచేశారు?" అంది డాక్టరమ్మ. ఎక్స్ఛేంజ్ గది సంగతి చెప్పాను. "చెవులు చూపించుకోమని మీకెవరూ చెప్పలేదా?" అంది. ఆరుగురూ ఒక్కసారిగా సీలింగు వైపు చూడటం మొదలుపెట్టారు.

ఇంటికెళ్లి నా భార్యకి చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. "ఆరేళ్ల నుంచి మైక్రోవేవ్ కూస్తుంటే నేనే పరిగెత్తుతున్నా. నువ్వు కావాలనే కదలట్లేదు అనుకున్నా" అంది.

"మన మైక్రోవేవ్ కూస్తుందా?" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, నవ్వబోయి ఆగిపోయింది.

మర్నాడు ఉద్యోగం మానేస్తానని కాగితం రాసి తీసుకెళ్లాను. శబ్దాలు బాగుచేసే పనిలో సగం శబ్దాలు వినపడనివాడు ఉండకూడదు కదా. అమ్మాయి చదివి, మడిచి, నా చొక్కా జేబులోనే పెట్టింది.

"మీరు చెవితో రిపేర్ చెయ్యలేదు కదా అంకుల్, మిషన్‌తో చేశారు. ప్రాబ్లం మీ చెవిది మాత్రమే అయితే, పెడల్ ఫాల్ట్ మిషన్‌లో కనిపించాలి కదా. ఎందుకు కనిపించలేదు?"

ఆ అమ్మాయి జనరేటర్ వైరు పీకేసి, గోడ మీద గిటార్ తీసి నా ఒళ్లో పెట్టింది.

"నాకు రాదమ్మా."

"వాయించక్కర్లేదు. కొట్టండి."

కొట్టాను. తెరమీద గీత కొండలూ గుట్టలుగా లేచింది, వాటి అంచుల మీద సన్నటి ముళ్లు. ముందురోజు నన్ను దింపినప్పుడు డ్రైవరుగారు తన టిన్ను కొట్టులోనే వదిలి వెళ్లారు. దాన్ని మధ్యలో తగిలించి, ఆఫ్‌లోనే ఉంచి, మళ్లీ కొట్టాను. కొండలు ఉన్నాయి. ముళ్లు లేవు.

పదిసార్లు కొట్టాను. తర్వాత టిన్ను మూత తీసి చూసి, అలాగే కూర్చుండిపోయాను.

గిటార్ తీగ నుంచి వచ్చే సిగ్నల్ చాలా నీరసమైనది. నా జనరేటర్ ఇచ్చేది బలమైనది. బలమైనదాన్నుంచి పెడల్ ఒక గుక్క తాగినా తెలియదు. నీరసమైనదాన్నుంచి తాగితే పైస్థాయి శబ్దమంతా ఆ గుక్కలోనే పోతుంది. అందుకే ఆఫ్ చేసినప్పుడు పెడల్ నోటిని, అంటే లోపలికి వచ్చే తీగని, సిగ్నల్ నుంచి పూర్తిగా విడదీయాలి. తొమ్మిది కాళ్ల స్విచ్చు చేసే పని అదే. నేను దండగని తీసేసింది దాన్నే.

మొదటిసారి వచ్చినప్పుడు ఆయన స్విచ్చు విరిగిందన్నారు. టోన్ పోయిందని అనలేదు. టోన్ పోగొట్టింది నేను. మరి మిగతా ఐదు డబ్బాల సంగతి? డ్రైవరుగారికి ఫోన్ చేసి అడిగాను. "మీరు పెట్టిన స్విచ్చు చూసి అందరం అలాగే మార్చుకున్నాం సార్. షాపు ఇంజినీరు చేశారు కదా, మంచిదేమోనని" అన్నారాయన. ఆరు పెడల్స్‌కీ ఉమ్మడిగా ఉన్నది వయసు కాదు, నేను.

"తప్పు నాదే. సారీ" అన్నాను ఫోన్లోనే. "శనివారం ఫైర్ స్టేషన్‌లో చేపలు వేయిస్తున్నాం. రండి సార్" అన్నారు.

పెడల్స్ చేసుకునే పిల్లలూ, మీకు చెప్పాలనుకున్నది ఇంతే. గిటార్‌కి చేసిన వస్తువుని గిటార్‌తోనే పరీక్ష చెయ్యండి. తప్పు ఎక్కడుందో వెతికేటప్పుడు, ఆ పెట్టెలో చివరిసారి చెయ్యి పెట్టింది ఎవరో ముందు గుర్తు తెచ్చుకోండి. ఆ మనిషి మీరే అయితే ఇంకా మంచిది. పని తొందరగా తెములుతుంది.

శనివారం నాటికి నా చెవులకి మిషన్లు వచ్చాయి. లోకం అంతా కాగితాలు నలిపినట్టు వినిపిస్తోంది. తొమ్మిది కాళ్ల స్విచ్చులు తెప్పించి, హాల్లో బల్ల మీద ఆరుగురి ముందూ కూర్చుని ఒక్కొక్క డబ్బా మార్చాను. డ్రైవరుగారి టిన్ను ఆఖరుకి ఉంచాను. మార్చకముందు ఆయన దాంట్లోంచి ఒక పాట వాయించారు. మార్చాక మళ్లీ అదే పాట వాయించారు. మొదటిది మెత్తగా ఉంది. రెండోది గాజు ముక్కలు పళ్లెంలో పోసినట్టు మెరిసింది. నాతో వచ్చిన మేనేజరమ్మాయి కళ్లు మూసుకుని "యెస్" అంది.

"ఇప్పుడు వినిపించిందా సార్?" అన్నారు డ్రైవరుగారు. "ఏది బాగుంది?"

అందరూ నా వైపే చూస్తున్నారు. బాగుందని ఒక్క మాట అంటే చాలు, అందరం చేపలు తినొచ్చు. కానీ ఆ మనిషికి నేను అప్పటికే ఒక అబద్ధం రాసిచ్చాను.

"వినిపించింది సార్. నాకు మొదటిదే బాగుంది" అన్నాను.

డ్రైవరుగారు గిటార్ మీదికి వంగిపోయి నవ్వడం మొదలుపెట్టారు. మిగతావాళ్లూ అందుకున్నారు. అమ్మాయి నెత్తి పట్టుకుంది. "మా బెంచ్ ఎక్స్‌పర్ట్!" అని అందరికీ నన్ను చూపించింది. నవ్వులు తగ్గాక అందరూ పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు.

నేను సామాను సర్దుకుంటుంటే పోస్టు డబ్బా ఆయన పక్కకొచ్చి నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గర గుసగుసగా మాట్లాడాడు. కొత్త మిషన్‌లో ఆ గుసగుస కేకలా వినిపించింది.

"నాది మళ్లీ పాత స్విచ్చుతోనే చేసిపెట్టగలరా? నాకూ అదే బాగుండేది. వీళ్లంతా టోన్ పోయింది, టోన్ పోయింది అంటుంటే నేనూ అన్నాను."

ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను. వరసలో చివర నిలబడ్డ డ్రైవరుగారు ఇటు తిరగలేదు గానీ, ఆయన భుజాలు నవ్వుతో కదులుతున్నాయి.

"సోమవారం తీసుకురండి" అన్నాను.

ఆయన తలూపి, పోస్టు డబ్బాని బల్ల కిందికి తోసేసి, పళ్లెం తీసుకుని వరసలోకి వెళ్లాడు.